గుమాస్తా చింపేసిన చీటీ

మా నాన్నగారు తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, మండల ఆఫీసులో రిటైరయ్యారు. నేను చేసే ఉద్యోగం ఏమిటో ఆయనకి అర్థమయ్యేలా ఎప్పుడూ చెప్పలేకపోయాను. "సర్వర్లకి ప్యాచ్‌లు వేస్తుంటాను నాన్నా" అంటే, "సైకిల్ ట్యూబుకి వేసినట్టా?" అన్నారోసారి. నవ్వేశాను కానీ, ఆలోచిస్తే అదేమంత తప్పు పోలిక కాదు.

ఒకే ఒక్కసారి మాత్రం నా పని ఆయనకి పూర్తిగా అర్థమైంది. నాకన్నా బాగా అర్థమైంది. ఆ కథే ఇది. మధ్యలో కాస్త కంప్యూటర్ గొడవ ఉంటుంది. కంగారు పడకండి. అడంగల్ నకలు కోసం ఎప్పుడైనా ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళెవరికైనా ఇది తెలిసిన వ్యవహారమే.

2016 అక్టోబరు 20, గురువారం. డాలస్ పక్కన ఉన్న మా ఊళ్ళో ఇంకా తెల్లవారలేదు. ఫోన్ మోగుతూనే ఉంది. లైనక్స్ కెర్నల్లో ఒక లోపం బయటపడింది, దాన్ని అప్పటికే ఎవరో దాడులకి వాడుతున్నారు అని వార్త. దాని అధికారిక సంఖ్య సీవీఈ-2016-5195. అందరూ పిలిచే పేరు డర్టీ కౌ, అంటే మురికి ఆవు. నిజంగానే ఒక ఆవు బొమ్మ గీసి దానికో వెబ్‌సైట్ కూడా పెట్టారు. 'కాపీ ఆన్ రైట్' అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'కౌ' అవుతుంది. ఇక 'డర్టీ' అన్నది, మెమరీలో కొత్తగా రాత పడిన పేజీకి కెర్నల్ రాసేవాళ్ళు వాడే మాట. రెండూ కలిసి ఆ పేరు.

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. ఏ ప్రోగ్రామ్‌కి ఎంత మెమరీ ఇవ్వాలి, ఏ ఫైల్ ఎవరు చదవొచ్చు, ఎవరు రాయొచ్చు అన్నది తేల్చేది అదే. ఆ లెక్కలో మామూలు యూజర్లు వేరు, రూట్ వేరు. రూట్ యూజర్‌కి పైన ఇంకెవరూ లేరు. ఏ ఫైలైనా తెరుస్తాడు, ఏదైనా మారుస్తాడు, మార్చినట్టు ఆనవాలు లేకుండా కూడా చెయ్యగలడు. మామూలు యూజర్‌గా లోపలికొచ్చినవాడు ఏదో సందు దొరకబుచ్చుకుని రూట్ అయిపోవడాన్నే ప్రివిలేజ్ ఎస్కలేషన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే, మంచినీళ్ళు అడిగి వరండాలో కూర్చున్నవాడు సాయంత్రానికి ఇల్లు తన పేరు మీద రాయించుకోవడం.

ఇలాంటి లోపం వచ్చినప్పుడల్లా మీటింగుల్లో ఒక మాట వినిపిస్తుంది: "వాడు ముందు లోపలికి రావాలి కదా? మనకి ఫైర్‌వాల్ ఉందిగా." రావడం ఏం కష్టం కాదు. ఫొటో అప్‌లోడ్ చేసుకునే పేజీలో ఒక చిన్న కన్నం చాలు. ఈ లోపాన్ని బయటపెట్టిన ఫిల్ ఓస్టర్ అనే ఆయన కథే చూడండి. తన సర్వర్లకి వచ్చే వెబ్ ట్రాఫిక్ అంతా రికార్డు చేసి పెట్టుకునే అలవాటు ఆయనకి. ఒక సర్వర్ మీద దాడి జరిగాక ఆ రికార్డు తిరగేస్తే, దొంగ పంపించిన ప్రోగ్రామ్ అందులో దొరికింది. అంటే కెర్నల్ రాసేవాళ్ళకి ఈ లోపం సంగతి తెలిసేసరికే దొంగ దాన్ని వాడుకుంటున్నాడు.

ఆ ఏడు దీపావళి అక్టోబరు 30, ఆదివారం. మా ఆఫీసులో సర్వర్లు రీబూట్ చెయ్యడానికి దొరికిన సమయం దానికి ముందు శనివారం రాత్రి. కెర్నల్ ప్యాచ్‌తో ఉన్న తిరకాసు అదే. కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన సరిపోదు. మిషన్ ఆపి మళ్ళీ మొదలుపెట్టేదాకా పాతదే నడుస్తూ ఉంటుంది. బీరువాలో కొత్త తాళం కొని పెట్టుకున్నట్టు. తలుపుకి మాత్రం పాతదే.

రాత్రి రెండింటికి ఒక్కో మిషనూ లేచేదాకా ఎదురు చూస్తూ కూర్చున్నాను. తెనాలిలో మధ్యాహ్నం పన్నెండున్నర. నాన్నగారు ఫోన్ చేశారు. "ఏరా, పండగ పూట నిద్ర లేదా? ఏమిటంత ముంచుకొచ్చింది?"

నిద్రమత్తు వదిలించుకోడానికి ఆయనకి చెప్పడం మొదలుపెట్టాను.

"నాన్నా, మీ ఆఫీసులో అడంగల్ ఉంటుంది కదా. రైతు చూసుకోవచ్చు. రాయకూడదు. అవునా?"

"అవును."

"మా దగ్గర ఒక సదుపాయం ఉంది. 'నాకు దీని మీద రాసుకోవాలండీ' అని ఎవరైనా అడిగితే, గుమాస్తా అసలు రికార్డు ఇవ్వడు. నకలు తీసి ఇస్తాడు. వాడు దాని మీద ఏం గీసుకున్నా వాడి గొడవే. అసలుకి ఏమీ కాదు. రాయమని అడిగేదాకా నకలు తీయడు, కాగితం దండగ కదా. రాయబోయినప్పుడే నకలు. దాన్నే కాపీ ఆన్ రైట్ అంటారు."

"బాగానే ఉంది."

"ఇప్పుడు ఇద్దరు అన్నదమ్ములు వచ్చారనుకోండి. అన్న 'రాయాలి' అని చీటీ ఇచ్చాడు. గుమాస్తా నకలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ పని అయిపోయింది కాబట్టి 'రాయాలి' అన్న ముక్క చీటీలోంచి చింపేశాడు. ఇక మిగిలింది ఆ కాగితం తీసి అన్న చేతిలో పెట్టడమే కదా అనుకున్నాడు. సరిగ్గా ఆ క్షణంలో తమ్ముడు బల్ల మీది నకలు తీసి చెత్తబుట్టలో పడేశాడు. గుమాస్తా బల్ల వైపు తిరిగాడు. కాగితం లేదు. చేతిలో చీటీ చూసుకున్నాడు. అందులో 'రాయాలి' అని లేదు. ఓహో, ఇతను చూడటానికే వచ్చాడు కాబోలు అనుకుని, అసలు అడంగలే తీసి చేతికిచ్చాడు. అన్న పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు."

అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత అన్నారు: "అయితే దొంగల కన్నా గుమాస్తాదే తప్పురా. చీటీ ఎందుకు చింపాడు?"

"చింపకపోతే, చీటీలో 'రాయాలి' అని కనిపించినప్పుడల్లా మళ్ళీ నకలు తీస్తూ కూర్చుంటాడని ఆ ఏర్పాటు చేశారు."

"అందుకని చింపుతారా? దరఖాస్తు ఫైల్లోనే ఉండాలి. 'నకలు ఇవ్వడమైనది' అని పక్కన ముద్ర వెయ్యాలి. ఇచ్చేముందు చేతిలోది నకలో అసలో చూసుకోవాలి. మేం చేసింది అదే."

నేను నిద్రమత్తు వదిలి లేచి కూర్చున్నాను. ఎందుకంటే, లైనస్ టోర్వాల్డ్స్ అక్టోబరు 18న కెర్నల్లో చేసిన మార్పు సరిగ్గా అదే. 'రాయాలి' అన్న గుర్తు చెరపడం మానేశారు. 'నకలు తీశాం' అని ఒక కొత్త గుర్తు చేర్చారు. చేతిలో ఉన్న పేజీ నిజంగా రాత పడిన నకలేనా అని చూసుకునే ఒక పరీక్ష పెట్టారు. కొద్ది లైన్ల మార్పు. 4.8.3, 4.7.9, 4.4.26 కెర్నల్ విడుదలల్లో అందరికీ వచ్చేసింది.

అన్నదమ్ముల సంగతి కల్పన కాదు. దాడి చేసే ప్రోగ్రామ్‌లో రెండు త్రెడ్లుంటాయి. ఒకటి అదే పనిగా రాయబోతూ ఉంటుంది. రెండోది 'నాకా నకలు అక్కర్లేదు, పారెయ్' అని కెర్నల్‌కి అదే పనిగా చెబుతూ ఉంటుంది. ఆ చెప్పడం నేరమేం కాదు, ఏ ప్రోగ్రామైనా చెప్పొచ్చు. లక్షల సార్లు ప్రయత్నిస్తే ఏదో ఒకసారి క్షణం కుదురుతుంది. ఇద్దరి మధ్య పోటీలో ఎవరు ముందన్న దాని మీద ఫలితం ఆధారపడటాన్ని రేస్ కండిషన్ అంటారు. కుదిరిందంటే, పాస్‌వర్డ్‌ల పట్టికో, రూట్ హోదాతో నడిచే ప్రోగ్రామో తిరగరాసుకుని రూట్ అయిపోవడమే.

ఇంతవరకూ చెప్పింది వేరేవాళ్ళ తప్పు. ఇప్పుడు నాది.

ఆ శనివారం రాత్రి పని లెక్క ఒక ఎక్సెల్ షీట్లో రాసుకున్నాం. సర్వర్ పేరు, ప్యాచ్, పక్కన 'పూర్తయింది' అన్న గడి. తెల్లవారుజామున నాలుగున్నరకి ఇంకా కొన్ని మిషన్లు మిగిలాయి. వాటిల్లో కొన్నిటి మీద ఏవో పెద్ద పనులు నడుస్తున్నాయి, ఇప్పుడు ఆపొద్దని ఆ టీమ్ వాళ్ళు మెసేజ్ పెట్టారు. వాటికి కొత్త కెర్నల్ ఇన్‌స్టాల్ చేశాను. రీబూట్ సోమవారం చేద్దాంలే అనుకున్నాను. గడిలో మాత్రం 'పూర్తయింది' అని నింపేశాను. ఆ షీట్లో 'సగం అయింది' అని రాయడానికి గడే లేదు. అది సాకు కాదు. గడి లేకపోతే నేనే గీసుకోవచ్చు. పొద్దున్నే లేచి, తలంటుకుని, తెలుగు సంఘం వాళ్ళ దీపావళికి వెళ్ళాలన్న తొందర నాది.

సోమవారం వేరే పని వచ్చింది. మంగళవారం ఇంకోటి. తర్వాత పండగల సీజన్ అని సర్వర్లు ముట్టుకోవద్దన్నారు. జనవరిలో ఆడిట్ వాళ్ళు వచ్చి, షీట్ చూడకుండా ప్రతి మిషన్నీ 'నీలో నడుస్తున్న కెర్నల్ ఏది?' అని అడిగారు. యూనేమ్ అని చిన్న కమాండ్, అంతే. పదకొండు మిషన్లు పాత జవాబే చెప్పాయి. పదకొండుకీ నా షీట్లో 'పూర్తయింది' అని ఉంది.

ఏమీ జరగలేదు. జరిగిన ఆనవాళ్ళేవీ దొరకలేదు అనడం నిజాయితీ. డర్టీ కౌతో జరిగిన దాడి మామూలు లాగుల్లో ప్రత్యేకంగా కనిపించదు. మా మేనేజర్ కోప్పడలేదు. "నీ షీట్ నమ్మి పైవాళ్ళకి సంతకం పెట్టి పంపాను" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఈ లోపం చరిత్ర అంతా తీసి చదివాను. నా తప్పుకి తోడు వెతుక్కున్నానేమో తెలియదు. దొరికింది మాత్రం నిజం. ఈ సందు సంగతి లైనస్ 2005లోనే గమనించి సరిచేయబోయాడు. ఆ మార్పు ఎస్-390 అనే ఐబీఎం పెద్ద మిషన్ల మీద ఇబ్బంది పెట్టిందని వెనక్కి తీసేశారు. అప్పట్లో ఆ క్షణం కుదరడం కాగితం మీది మాటే, నిజంగా జరిగేది కాదనిపించింది. తర్వాత కెర్నల్ మెమరీ పద్ధతులు మారాయి, ఒకేసారి ఎన్నో పనులు నడిచే మిషన్లు మామూలైపోయాయి, పోటీ కుదరడం తేలికైంది. 2007లో వచ్చిన 2.6.22 నుంచి దాడికి దారి తెరిచే ఉంది. తొమ్మిదేళ్ళు. 2016లో సరిచేస్తూ లైనస్ ఆ మార్పు వివరణలోనే, పదకొండేళ్ళ కింద తాను దీన్ని సరిగ్గా చెయ్యలేకపోయానని రాసుకున్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన మీద గౌరవం పెరిగింది. నా షీట్లో నేను రాయలేకపోయింది అదే.

అక్కడితోనూ ఆగలేదు. 2017 నవంబరులో, ఆ సవరణలో కూడా ఒక సందు మిగిలిందని తేలింది. మామూలు మెమరీ పేజీ 4 కిలోబైట్లు. పెద్ద పేజీలు 2 మెగాబైట్లవి కూడా ఉంటాయి. ఆ పెద్ద పేజీల కౌంటర్ దగ్గర, నకలు తీయకుండానే కాగితానికి 'రాత పడింది' అన్న ముద్ర పడే దారి ఉంది. ముద్ర ఉంది కాబట్టి పరీక్షలో నెగ్గుతుంది. దాన్ని హ్యూజ్ డర్టీ కౌ అన్నారు. మొదటి దానంత ప్రమాదం కాదు, మామూలు ఫైళ్ళని మార్చలేదు. కానీ 'అయిపోయింది' అనుకున్నది అవలేదు.

ఇక అసలు నన్ను కదిలించింది దానికి రెండు నెలల ముందు వచ్చింది. 2017 సెప్టెంబరులో ట్రెండ్ మైక్రో అనే భద్రతా కంపెనీ ఒక నివేదిక పెట్టింది. ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉండేదీ లైనక్స్ కెర్నలే. డర్టీ కౌని వాడుకునే మొదటి ఆండ్రాయిడ్ మాల్వేర్ దొరికింది, దాని పేరు జెడ్‌నియు. ఆటలు, బూతు బొమ్మల యాప్‌ల వేషంలో వస్తుంది. అలాంటి యాప్‌లు 1,200 పైచిలుకు కనిపించాయి. 40కి పైగా దేశాల్లో, 5,000 మందికి పైగా బాధితులు. అందులో ఎక్కువమంది చైనా, ఇండియా. చైనాలో అయితే ఫోన్ యజమాని పేరున ఎస్సెమ్మెస్ ద్వారా చిన్న చిన్న మొత్తాలు లాగి, ఆ మెసేజ్‌లు చెరిపేసేది. వేరే దేశాల్లో డబ్బు లాగలేకపోయినా, ఫోన్లో దొడ్డిదారి తెరిచి పెట్టి పోయేది.

ఆండ్రాయిడ్‌కి ఈ ప్యాచ్ 2016 డిసెంబరుకల్లా గూగుల్ ఇచ్చేసింది. మరి 2017 సెప్టెంబరులో ఇండియాలో ఎవరి ఫోన్లు దొరికిపోతున్నాయి?

వెంటనే తెనాలికి ఫోన్ చేశాను. "నాన్నా, సెట్టింగ్స్ తెరవండి. కిందకి వెళ్ళండి. ఎబౌట్ ఫోన్. అందులో సెక్యూరిటీ ప్యాచ్ లెవెల్ అని ఉంటుంది. ఎదురుగా ఉన్న తేదీ చదవండి."

కళ్ళజోడు వెతుక్కుని, నెమ్మదిగా చదివారు. "2016... మే... ఒకటి."

"ఇప్పుడు సిస్టమ్ అప్‌డేట్ అని ఉంటుంది. నొక్కండి. ఏమంటోంది?"

"మీ ఫోన్ తాజాగా ఉంది అంటోందిరా."

నా ఎక్సెల్ షీట్ గుర్తొచ్చింది. 'పూర్తయింది.' ఫోన్ అబద్ధం చెప్పలేదు. ఆ ఫోన్ కంపెనీ దానికి పంపదలచుకున్నవన్నీ పంపేసింది. పంపడం మానేసింది కాబట్టి కొత్తవేవీ లేవు, కొత్తవి లేవు కాబట్టి తాజాగా ఉంది. కెర్నల్ రాసేవాళ్ళు సరిచేశారు. గూగుల్ ఆండ్రాయిడ్‌కి అందించింది. ఆ తర్వాత చిప్ తయారుచేసినవాళ్ళు, ఫోన్ తయారుచేసినవాళ్ళు అందుకుని ముందుకు పంపాలి. ఎనిమిది వేల రూపాయల ఫోన్ అమ్మేశాక ఆ పని చేస్తే వాళ్ళకి ఒరిగేదేం లేదు. మందు తయారై ఊరి పొలిమేర దాకా వచ్చింది. మా నాన్నగారి చెయ్యి దాకా రాలేదు. ఆ ఫోన్లోనే ఆయన పెన్షన్ పడిన మెసేజ్ వస్తుంది. బ్యాంకు ఓటీపీ అందులోకే వస్తుంది.

"ప్లే స్టోర్‌లో కాకుండా బయటనుంచి యాప్‌లేమైనా వేశారా?" అన్నాను.

"పక్కింటి కుర్రాడు పేకాట వేసిపెట్టాడు. వాడి ఫోన్లోంచి నా ఫోన్లోకి పంపాడు."

ఆ యాప్ తీయించాను. ఫోన్ మొత్తం రీసెట్ చేయించాను. ఆ డిసెంబరులో ఊరెళ్తున్న స్నేహితుడితో కొత్త ఫోన్ పంపాను. ప్యాచ్‌లు ఇంకా వస్తున్న రకం చూసి కొన్నాను. మనసు కుదుటపడింది. షీట్లో 'పూర్తయింది' అని రాసుకోవచ్చు అనుకున్నాను.

రెండు నెలల తర్వాత మాటల్లో అడిగాను, పాత ఫోన్ ఏం చేశారని.

"పారేస్తామా ఏమిటి? పాలు పోసే అమ్మాయికి ఇచ్చానురా. వాళ్ళాయన హైదరాబాద్‌లో పనిచేస్తున్నాడు, వీడియోలో మాట్లాడుకుంటున్నారు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

నాకు నోట మాట రాలేదు. ఆ ఫోన్ పగిలిపోలేదు, పాడవలేదు. మా ఇంట్లోంచి పక్క వీధికి మారింది, అంతే. నేను చేసింది కూడా ఒక రకం ఎస్కలేషనే. అపాయాన్ని సరిచెయ్యలేదు, నాకన్నా తక్కువ అడగగలిగే మనిషి చేతికి దాటించాను. "తీసేసుకోండి" అని చెప్పలేను. కొత్తది కొనివ్వమని చెప్పాను. కొన్నారు. ఈసారి పాతది ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో పెట్టమని ఒట్టు వేయించుకున్నాను. ఇది పరిష్కారం కాదని నాకు తెలుసు. అలాంటి ఫోన్లు వీధికి ఎన్ని ఉంటాయి? అన్నిటికీ నేను కొనిపెట్టలేను కదా.

డర్టీ కౌ ముసలిదైపోయింది. కానీ 2022లో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సిసా, నిజంగా దాడుల్లో వాడుతున్నట్టు తేలిన లోపాల జాబితాలో దీన్నీ చేర్చింది, ప్రభుత్వ శాఖలన్నీ గడువులోగా సరిచేసుకోవాలని. సవరణ వచ్చి ఐదేళ్ళు దాటాక. అదే ఏడాది డర్టీ పైప్ అని దీనికి తమ్ముడిలాంటిది ఇంకోటి బయటపడింది. రాయకూడని ఫైల్ మీద రాయగలిగే లోపమే అదీ. దాడులకి వాడుతున్నారని అదీ ఆ జాబితాకెక్కింది.

నా షీట్లో ఇప్పుడు 'పూర్తయింది' అన్న గడి లేదు. మూడు గడులున్నాయి: ఇన్‌స్టాల్ అయింది, రీబూట్ అయింది, మిషన్ని అడిగాం. మూడోది నిండితేనే పని అయినట్టు. అదీ మనిషి నింపడు, స్క్రిప్ట్ అడిగి రాసుకొస్తుంది.

తెనాలిలో మాత్రం స్క్రిప్ట్ లేదు. నెలలో మొదటి ఆదివారం నాన్నగారే ఫోన్ చేసి, పలకరింపులు కూడా లేకుండా తేదీ చదువుతారు. నేను రాసుకుంటాను. మొన్న చదివాక అన్నారు: "ఏరా, ఈ నెల తేదీ మారలేదు. పోయిన నెలదే ఉంది. మీ వాళ్ళని అడుగు."

అడుగుతాను నాన్నా అన్నాను. ఎవరిని అడగాలో చూస్తున్నాను.